రెండు పోగులు జరిగిన పువ్వు

పోచంపల్లి నేతగాడు వెంకటరాజం మేడ మీద నుంచి పడిన కథ రెండు మూడేళ్లకో అంతస్తు పెరుగుతూ వచ్చింది. తెలంగాణ వచ్చిన మరుసటేడు, ఆరబెట్టిన నూలు వానకు తడుస్తోందని పైకి ఉరికి కాలు జారినప్పుడు అది ఒక్క అంతస్తే. ఇప్పుడు నాలుగు. ఆ గల్లీలో అంత ఎత్తు ఇల్లు ఈనాటికీ లేదు.

"నడిమిట్ల గాలిల బీడి గూడ ముట్టిచ్చిన" అంటాడు, నవ్వకుండా.

మెడ కింద ఇక ఏదీ కదలలేదు. భార్య ఆండాళు ఆయన మంచాన్ని మగ్గం పక్కకు జరిపి, తాను మగ్గం కింది గుంటలోకి దిగి కూర్చుంది. చిటికి నేతలో పువ్వు ముందే నూలు మీద రంగుతో అద్ది ఉంటుంది. అడ్డపోగును మోసే నాడె విసిరిన ప్రతిసారీ ఆ పోగును అటో ఇటో జరిపి పువ్వు అంచులు కలపాలి. ఆ చూపు తనకు తప్ప భూప్రపంచంలో ఎవరికీ లేదని వెంకటరాజం గట్టి నమ్మకం.

"జరుపు... ఇంక జర... ఆగు. గదే!"

కళ్లు ఆయనవి, చేతులు ఆమెవి. మగ్గం చప్పుడు, ఉడికే రంగు వాసన, మధ్యమధ్య ఆండాళు తిట్లు. కాళ్లున్న కాలంలో చీరల మూటలతో పట్నం బస్సులు పట్టుకుని తిరిగాడే గానీ, పెళ్లాంతో అంతసేపు కూర్చున్నది లేదు. మగ్గం పక్కన గడిచిన ఆ నాలుగేళ్లను తలుచుకుంటే ఆయనకు ఇప్పటికీ కళ్లు మెరుస్తాయి.

అయిదో చలికాలం ఊపిరితిత్తులకు నిమ్ము చేసింది. పట్నం దవాఖానలో దివాకర్ అనే కుర్ర డాక్టరు మంచం కాళ్ల దగ్గర నిలబడి ఆండాళుతో మాట్లాడాడు. మంచివాడే. గొంతులో జాలి కూడా ఉంది.

"ఊపిరి మిషన్ పెట్టొచ్చమ్మా. కానీ దేనికి? చెయ్యి కదలదు, కాలు కదలదు. నేనైతే ఇలాంటి బతుకు వద్దనుకుంటా. ఇక్కడ సంతకం పెట్టు, ప్రశాంతంగా పోనిద్దాం."

వెంకటరాజం చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. మాట్లాడేందుకు ఊపిరే లేదు. ఊరంతటికీ మాటలు పంచిన మనిషికి తన ప్రాణం గురించి చెప్పుకోవడానికి ఒక్క మాట అందలేదు.

"మీకు వద్దనిపిస్తే మీకొచ్చినప్పుడు వద్దనుండ్రి సారూ" అంది ఆండాళు. "ఈయన్ను అడిగిన్రా?"

"ఈ స్థితిలో ఆయనేం చెప్తాడమ్మా?"

ఆమె కొంగుముడిలోంచి ఫోన్ తీసింది. ఆయన జ్వరంతో పడుకున్నప్పుడు ఒక్కతే నేసిన జానెడు బట్ట ఫోటో అందులో ఉంది. దాన్ని ఆయన కళ్ల ముందు పెట్టింది.

"సక్కగుందా?"

ఉన్న ఊపిరంతా కూడగట్టాడు. "పువ్వు... జరిగింది. ఎడమకు... రెండు పోగులు."

"అయ్యో, ఇప్పాల్నా మరి?"

"నేనొచ్చి... జూస్త."

దివాకర్ ఫోన్ అందుకున్నాడు. పెద్దది చేసి చూశాడు, దొరకలేదు. ఇంకా పెద్దది చేశాడు. చాలాసేపటికి ఒక రేకు అంచు ఎడమకు ఒరిగి కనిపించింది. ఫోన్ ఆండాళుకిచ్చి, మంచం చుట్టూ నడిచి తల దగ్గరికొచ్చి వంగాడు.

"పెద్దాయనా, గొంతులో గొట్టం వేస్తాం. కష్టంగా ఉంటుంది. బయటపడతావని మాట ఇవ్వలేను. పెట్టమంటావా?"

పడిన నాటి నుంచి ఏ డాక్టరైనా తనను అడగడం అదే మొదలు.

"పెట్టు సారూ. లేకుంటే ఇది... బట్టంత ఖరాబ్ జేస్తది."

మిషన్ మీద తొమ్మిది రోజులున్నాడు. ఆయన లెక్కలో నలభై. ఇంటికొచ్చాక ఆండాళు ఆ పువ్వు విప్పబోతే విప్పనివ్వలేదు. "డాక్టరుతోని పంచాయతి గెల్చిన పువ్వే అది!"

ఇప్పుడు ఆండాళుకు మోకాళ్లు పట్టేశాయి, గుంటలోకి దిగలేదు. మగ్గం ఆగి రెండేళ్లయింది. ఆ పువ్వుతోనే నేత పూర్తయిన ఆ బట్ట ఇప్పుడు ఆయన దుప్పటి. పలకరించడానికి వచ్చినవాళ్లకు ఆ తప్పు వెతకమని పరీక్ష పెడతాడు, ఎవరూ నెగ్గరు. మధ్యాహ్నం ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆండాళు వచ్చి, కావాలనే దుప్పటిని ఒక పక్కకు వాలేలా కప్పుతుంది.

"జరుపు" అంటాడాయన. "ఇంక జర... ఆగు. గదే."