కుడి పైట పెళ్లి

2006 జనవరి 9న అప్పగించిన పని గురించి నా పుస్తకంలో ఇలా రాసుకున్నాను: "శిరీష పెళ్లి. పాలకొల్లు దగ్గర వధువు స్వగృహం. ముహూర్తం ఫిబ్రవరి 16, ఉదయం 10.42. పాతకాలం పద్ధతి." ఈ నాలుగు ముక్కల్లో చివరిది తప్ప తక్కినవన్నీ నాకు అర్థమయ్యాయి.

అప్పటికి నేను రాజమండ్రిలో ఒక పెళ్లి ఏర్పాట్ల సంస్థలో పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాను. హోదా ఏర్పాట్ల సూపర్‌వైజరు. నా పైన మేనేజరు, ఆయన పైన యజమాని. నా కింద పందిరి మేస్త్రి, పూల మేస్త్రి, వంట మేస్త్రి. ఏ పెళ్లి ఒప్పుకున్నా మేం మూడు కాగితాలు తయారుచేసేవాళ్లం. పెళ్లివారు అడిగినవన్నీ రాసేది కోరిక కాగితం. వాటిలో మా గోదాములో ఏమున్నాయో, ఏం తేవాలో తేల్చేది సరుకు కాగితం. పెళ్లిరోజున ఏ గంటకు ఏది జరగాలో చెప్పేది వరుస కాగితం. మొదటిదాంట్లో తప్పు పడితే అది మూడో దాకా నడిచి వస్తుంది. అందుకే కోరిక కాగితంలో ప్రతి వస్తువుకూ ఎదురుగా 'ఆధారం' అనే గడి ఉంచాను. ఎవరు చెప్పారు, ఏది చూసి చెప్పారు అన్నది అందులో రాయాలి.

శిరీషకు ఇరవైనాలుగేళ్లు. హైదరాబాదులో ఉద్యోగం. ఆ అమ్మాయి కోరిక ఒక్కటే, తన పెళ్లి వాళ్ల మామ్మ పెళ్లిలాగే జరగాలని. మామ్మ అంటే నాన్నగారి తల్లి, రత్నమ్మ గారు. ఆమెకు పెళ్లయింది 1954లో, పదిహేనో ఏట. భర్త 1960లో పోయారు. అప్పటికి కొడుకు సుబ్బారావు గారికి మూడేళ్లు. ఆనాటి నుంచి నలభయ్యారేళ్లుగా ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా ఆమె వంటింటి వెనక గదిలోనే ఉండిపోయేవారు. కొడుకు పెళ్లి కూడా చూడలేదు. ఎవరు రమ్మన్నా ఒక్కటే మాట, ముందుకి రాకూడదని.

"నా పెళ్లికి రాదండి, నాకు తెలుసు. తన పెళ్లికైతే రానని అనలేదు కదా" అంది శిరీష.

ఆ అమ్మాయి లెక్క అది. అందుకే ఏర్పాట్లన్నీ మామ్మకు తెలియకుండా జరగాలని షరతు పెట్టింది. పెళ్లివారు దాచమన్నది దాచడం మా సంస్థ నియమం. కాబట్టి ఆ పెళ్లి గురించి అడగదగ్గ ఒకే ఒక్క మనిషిని అడగకూడదని నేనే సంతకం పెట్టి ఒప్పుకున్నాను.

మొదటి వారంలో కోరిక కాగితం మీద ముప్ఫయ్యొక్క వస్తువులు చేరాయి. తాటాకు పందిరి, పెట్రోమాక్సు దీపాలు, పల్లకి, పన్నీరు బుడ్లు, గోలీసోడా, మైకుసెట్టులో రికార్డులు. వీటిలో ఎక్కువ భాగం సుబ్బారావు గారు చెప్పినవే. ఆయన ప్రతి వస్తువుకూ ముందు "ఆ రోజుల్లో" అనేవారు. ఏ రోజుల్లోనండీ అని అడిగితే చిరాకుపడేవారు. నాలుగుసార్లు అడిగాక తేలింది, ఆయన చెబుతున్నవి తన సొంత పెళ్లివని, అది 1979లో జరిగిందని. పల్లకి ఎవరి పెళ్లిలోదో ఆయనకూ తెలియదు. సంవత్సరం కనుక్కుంటూ ఒక్కొక్కటీ కొట్టేస్తూ వస్తే, 1954కి చెందుతాయని చెప్పదగ్గవి తొమ్మిది మిగిలాయి. అవీ గట్టివి కావు.

జనవరి 18న శిరీష ఒక ఫొటో తెచ్చింది. అరచేయంత ఉంది. నరసాపురంలో ఉండే తాతగారి చెల్లెలు మాణిక్యమ్మ గారి ట్రంకుపెట్టె అడుగున దొరికిందట. ఆ పెళ్లికి తీసిన ఫొటో అదొక్కటే. రత్నమ్మ గారు దాన్ని ఎప్పుడూ చూడలేదు. పెళ్లికొడుకు పీట మీద కూర్చున్నాడు. పక్కన పెళ్లికూతురు, మధుపర్కాలలో, తలెత్తి తిన్నగా కెమెరాకేసి చూస్తోంది. నాకు పెద్ద ఆధారం దొరికింది కదా అని సంతోషించాను. తీరా భూతద్దం పెట్టి చూస్తే పైట కుడి భుజం మీద ఉంది.

ఈనాటి పాఠకులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇప్పుడు అందరూ పైట ఎడమ భుజం మీదే వేస్తున్నారు. వెనకటి తరాల్లో కొన్ని ఇళ్లలో కుడి పైట ఉండేది. కుడి పైటవారిని ఎడమ పైటవారూ, ఎడమ పైటవారిని కుడి పైటవారూ వెక్కిరించుకునేవారు కూడా. కాబట్టి ఫొటోలో ఉన్నది ఆ ఇంటి ఆచారం కావచ్చు. లేదా, నెగటివును తిరగేసి ప్రింటు వేస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి గనుక, ఫొటోయే తప్పు కావచ్చు.

నేను ఫొటోను మా సంస్థ పనులు చేసే స్టూడియోకి పంపాను. కంప్యూటర్లో శుభ్రం చేసి గోడకు పెట్టేంత పెద్దది చేయించాలని, దాంతోపాటు తిరగబడిందో లేదో చెప్పాలని కోరాను. ఆర్డరు కాగితం మీద "మరకలు, గీతలు, మచ్చలు పూర్తిగా తీసివేయవలెను" అని నా చేత్తోనే రాశాను. స్టూడియో ఆయన, నెగటివు లేకుండా తేల్చలేనని, అయితే పెళ్లికొడుకు గడియారం కుడి మణికట్టుకు ఉంది గనుక తిరగబడిందనే తన అనుమానమని కబురు చేశారు.

ఆ ముక్క పట్టుకుని నరసాపురం వెళ్లాను. మాణిక్యమ్మ గారు ఫొటో చూసి, వెంటనే, తమ ఇంట్లో ఆ రోజుల్లో అందరిదీ కుడి పైటేనని చెప్పారు. గడియారం సంగతి అడిగితే, మా అన్నయ్యది పుర్రచెయ్యి కదండీ అన్నారు. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు గడియారం కుడి చేతికి పెట్టుకుంటారు. సుబ్బారావు గారిని అడిగితే, మూడేళ్ల పిల్లాడికి తండ్రి ఏ చేత్తో తిన్నాడో ఏం గుర్తుంటుందండీ అన్నారు. అదీ నిజమే. మాణిక్యమ్మ గారు పెళ్లి చూసిన మనిషి. స్టూడియో ఆయన చూడలేదు. ఆధారం గడిలో ఆమె పేరు రాసి, 'కుడి పైట' అని ఖాయం చేశాను.

ఇక అన్నీ దాని ప్రకారమే కదిలాయి. కుడి పైటకు సరిపడా జాకెట్టు కుట్టించాం. శిరీష జనవరి 28 నుంచి రోజూ గంటసేపు కుడి పైటతో నడవడం సాధన చేసింది. మొదట్లో పైట జారిపోయేది. చెయ్యి అలవాటుగా ఎడమ భుజం మీదికే వెళ్లేది. ఈ సంగతి మగపెళ్లివారి దాకా పాకింది. పెళ్లికొడుకు అక్కగారు ఫోనుచేసి, అమ్మాయిది ఎడంచేతి వాటమా అని మర్యాదగానే ఆరా తీశారు. నాకు మాత్రం ఏదో సరిపోవడం లేదని అనిపిస్తూనే ఉంది. ఒకటి గమనించాను. ఫొటో చూపించకముందు మాణిక్యమ్మ గారు పైట మాటే ఎత్తలేదు. చూశాకే గుర్తొచ్చింది. ఆమె ఫొటోకి సాక్షా, ఫొటో ఆమెకి సాక్షా అన్నది నాకు అర్థం కాలేదు.

ఫిబ్రవరి 8న, ముహూర్తానికి ఎనిమిది రోజుల ముందు, నియమం తప్పాను. పందిరి కొలతల వంక పెట్టుకుని పాలకొల్లు బస్సెక్కాను. సుబ్బారావు గారు ఇంట్లో లేరు. రత్నమ్మ గారు వెనక వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. విషయమంతా చెప్పాను. చిన్న ఫొటో, స్టూడియోవారు చేసిన పెద్ద ఫొటో రెండూ ముందు పెట్టాను. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, ముందు పెద్దది చూశారు.

"ఎవరమ్మా ఈ పిల్ల?" అన్నారు.

మీరేనండీ అంటే నమ్మలేదు. తరువాత చిన్నది తీసుకుని వెలుగులోకి పట్టుకున్నారు. చాలాసేపు చూశారు.

"అయ్యో, నా మచ్చ అటెళ్లిపోయిందేంటి?"

తలెత్తి ఆమె ముఖం చూశాను. ఎడమ కనుబొమ మీద, చింతగింజంత, పాత కాలిన మచ్చ. ఏడో ఏట నూనె చింది పడిందట. చిన్న ఫొటోలో అది కుడి కనుబొమ మీద ఉంది. నా పుస్తకంలో దాన్ని నేను 'మరక' అని రాసుకున్నాను. పెద్ద ఫొటోలో అది లేనే లేదు. నేను తీసేయించాను.

ఫొటో తిరగబడిందని తేలిపోయింది. అయినా మరోసారి నిర్ధారించుకోవడం నా అలవాటు. ఆయనది పుర్రచెయ్యా అని అడిగాను.

"ఆయనకా? ఎడం చేత్తో ఈగని కూడా తోలేవారు కాదు. ఎవరన్నారు, మాణిక్యమా? అది అప్పుడు ఎనిమిదేళ్లది. పెళ్లి టైముకి నిద్రపోతే మా మామగారు భుజాన వేసుకుని తిరిగారు."

మరి పందిరి ఎలా ఉండేది, దీపాలు ఏవి, ఎంతమంది వచ్చారు అని నా తొమ్మిది వస్తువులూ వరసగా అడిగాను.

"నేనెక్కడ చూశానమ్మా. తలొంచుకుని కూర్చున్నాను. కాస్త ఎత్తితే వెనకనుంచి మా అమ్మ గిల్లేది. ఆ ఫొటో అప్పుడు ఒక్కసారి ఎత్తమన్నారు. ఎత్తితే ఎదురుగా తలకాయ లేకుండా నల్లగుడ్డ కప్పుకున్న మనిషి. హడిలిపోయి మళ్లీ దించేశాను."

తల వంచుకున్న మనిషికి కనిపించినవి మాత్రం ఆమె ఒక్కటీ మరిచిపోలేదు. కింద కార్పెట్టు లేదు, గోదావరి ఇసక పరిచారు. పీట మీద పసుపు రాసి, బియ్యప్పిండితో మూడు గీతలు గీశారు. మేనమామ మోసుకొచ్చిన గంపలో ఒక బద్ద విరిగి కాలికి గుచ్చుకుంది. అడ్డుతెర కింది నుంచి పెళ్లికొడుకు పాదాలు కనిపించాయి, ఒక బొటనవేలికి గుడ్డ కట్టి ఉంది. అక్షింతలు కిందపడగానే చీమలు వరసకట్టి ఎత్తుకుపోయాయి, ఆమె మంగళసూత్రం వేళ కూడా వాటినే చూస్తూ కూర్చున్నారు. నేను అవన్నీ రాసుకున్నాను. పదకొండు వచ్చాయి.

పెళ్లికి వస్తారా అని అడిగితే తల అడ్డంగా ఆడించి మళ్లీ చింతపండు ముందుకు లాక్కున్నారు.

ఆ సాయంత్రమే నియమం తప్పిన సంగతి మేనేజరు గారికి రాతపూర్వకంగా తెలియజేశాను. ఆయన మందలింపు నా ఫైలులో ఉంది. సరుకు కాగితం తిరగరాశాను. ప్లైవుడ్ స్టేజీ, కార్పెట్టు, వధూవరుల వెల్వెట్టు కుర్చీలు రద్దు. రెండు ట్రాక్టర్ల ఇసక, వట్టి చెక్క పీటలు తేవాలి. జాకెట్టు మళ్లీ కుట్టించాం. శిరీషకు ఎడమ పైటేనని కబురుచేశాను. తనకు మొదటినుంచీ అలవాటైనదే కదా అనుకున్నాను.

ఫిబ్రవరి 16 ఉదయం 9.50కి, వరుస కాగితం ప్రకారం వధువు అలంకరణ ముగియాలి. ముగియలేదు. శిరీష చెయ్యి పైటను కుడి భుజం మీదికే తీసుకువెళుతోంది. ఎడమకు మారిస్తే జారిపోతోంది. మా అలంకరణ మనిషి మూడుసార్లు కట్టింది, మూడుసార్లూ జారింది. పన్నెండు రోజుల సాధన ఇన్నేళ్ల అలవాటును మరిపిస్తుందా, శిరీష కావాలనే తడబడిందా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. అడగనూ లేదు.

10.05కి వెనక గదిలోంచి రత్నమ్మ గారు వచ్చారు. గుమ్మంలో మాణిక్యమ్మ గారు, వదినా నువ్వెందుకే ఇక్కడికి అని అడ్డుపడబోయారు. "నువ్వు చెప్పిన కుడి పైటే కదా పిల్లని ఇలా చేసింది, పక్కకి జరుగు" అని ఆమె లోపలికి వెళ్లారు. పైట తీసి, కుచ్చిళ్లు సర్ది, ఎడమ భుజం మీద వేసి, కొస తన చేత్తో పట్టుకున్నారు. వదిలితే జారుతుందేమోనని పట్టుకునే పందిరి దాకా నడిచారు. మేనమామ గంప ఎత్తేటప్పుడూ వదల్లేదు. శిరీష పీట మీద కూర్చున్నాక వెనక్కి తిరిగితే నాలుగు వరుసల నిండా జనం, వెళ్లడానికి దారి లేదు. ముందు వరుసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దాంట్లో కూర్చున్నారు.

నేను ఆమె పక్కనే నిలబడ్డాను. ఇసక, పీట, గీతలు, అన్నీ ఆమె చెప్పినట్టే కుదిరాయి. అవి చూస్తారని ఎదురుచూశాను. ఆమె వాటివైపు చూడలేదు. తల వెనక్కి వాల్చి, పైన తాటాకులు, వాటి కింద కట్టిన తెల్లటి గుడ్డ, వేలాడే మామిడాకులు వరసగా చూస్తున్నారు. మంగళసూత్రం పడేటప్పటికి మాత్రం కళ్లు కిందికి దించారు. తరువాత నాతో, "పైన ఇలా ఉంటుందన్నమాట" అన్నారు. ఆ పైకప్పు 1954 నాటిదని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

2008లో రిటైరయ్యేవరకు మరో ఆరు 'పాతకాలం' పెళ్లిళ్లు చేయించాను. ఈ పెళ్లి తరువాత కోరిక కాగితంలో ఆధారం గడి పక్కనే ఇంకో గడి గీయించాను: 'చెప్పినవారికి అప్పుడు వయసెంత, ఎక్కడ కూర్చుని చూశారు?' ఆ గడి నిండని వస్తువును సరుకు కాగితంలోకి ఎక్కనివ్వలేదు. పాత ఫొటో ఏదైనా శుభ్రం చేయించే ముందు, అందులోని మనిషి బతికి ఉంటే, ఫొటోను ఆ మనిషి ముఖం పక్కన పెట్టి చూడాలి. ఆ తరువాతే మచ్చలు తీయమని రాయాలి.