గోడ అవతలి జవాబు

మా వీధిబడి పంతులుగారు నా నెత్తిమీద బెత్తంతో తట్టి, "ఇది కుండరా అప్పన్నా, అందులోనూ ఖాళీ కుండ" అనేవారు. పెద్దయ్యాక నేను చేస్తున్నదీ అదే పని. గోడలమీద తట్టి ఏది గట్టిదో, ఏది డొల్లో చెబుతాను. కాబట్టి నాకు చదువు అబ్బలేదంటే ఒప్పుకోను. బడిలో నేర్పినదానితోనే బతుకుతున్నాను.

బడి ఎందుకు మానేశానో కూడా చెప్పాలి. ఎక్కాలు అప్పజెప్పమన్నప్పుడు తాటాకు తడిక అవతల కూర్చున్న నా స్నేహితుడు మెల్లగా చెప్పేవాడు, నేను గట్టిగా చెప్పేవాణ్ణి. ఒకరోజు వాడికి జ్వరం వచ్చింది. ఆ సంగతి నాకు తెలియదు. పంతులుగారు ఏడో ఎక్కం అడిగారు. నేను తడికకు చెవి ఆనించి చాలాసేపు నిలబడ్డాను. అవతల నుంచి మేక అరిచింది. మర్నాటి నుంచి మా నాన్న వెంట తాపీ పనికి పోయాను.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. పాతిళ్లు పడగొట్టాను. పాడుబడ్డ నూతుల్లోకి దిగాను. శ్మశానం పక్కన ప్రహరీ కట్టాను. ఎక్కడా ఎవరూ నన్ను పలకరించలేదు. పలకరించి ఉంటే సున్నం కలపడానికి ఓ చెయ్యి వెయ్యమని అడిగేవాణ్ణి. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతకంటే నాకు చేతకాదు.

మాది రామచంద్రపురానికి దగ్గర్లో కాలవ ఒడ్డు ఊరు. మూడు తరాలుగా తాపీ పని మాది. మా తాత కుర్రతనంలో ధవళేశ్వరం ఆనకట్ట పనికి వెళ్లి, అక్కడ సున్నం పని నేర్చుకుని తిరిగొచ్చాడు. గోదావరి నీళ్లు మా కాలవలోకి వచ్చేది తాత చేతి సున్నం మీదుగానే అని మా నాన్న అనేవాడు. ఆనకట్ట మొత్తం మా తాత ఒక్కడే కట్టినట్టు ఉండేది ఆయన వరస. నేనూ అలాగే చెబుతుంటాను. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

ఇంత చరిత్ర ఉన్న మేము ఉండేది మాత్రం తాటాకు పాకలో. ఊరందరికీ గోడలు కట్టి, సాయంత్రం వంగి పాకలో దూరేవాణ్ణి. నా పెళ్లాం నూకాలు ఆ పాకలోనే పొయ్యి ముందు కూర్చుని వండేది. పొగ పోయే దారి లేదు. నాలుగేళ్లలో దాని కళ్లు ఎర్రబడి, నీరుకారి, ఆఖరికి బియ్యంలో రాళ్లు కనబడని స్థితికి వచ్చింది. పొగ తగలకుండా చూసుకోకపోతే చూపు దక్కదని ద్రాక్షారామం వైద్యుడు తేల్చి చెప్పాడు.

అప్పుడే సుబ్బాయమ్మగారి ఇల్లు అమ్మకానికి వచ్చింది. పాతకాలపు మండువా ఇల్లు. మూరెడు మందం మట్టిగోడలు, పైన కుళ్లిపోతున్న తాటాకు, వంటింట్లో పట్టపగలే దీపం కావాలి. ఆవిడ భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. పిఠాపురంలో కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. పొగాకు వ్యాపారి ఒకాయన ఆ ఇల్లు కొని, పడగొట్టి, దూలాలూ తలుపులూ పట్టుకుపోతానన్నాడు. ఆ మాట విన్నాక నాకు తిండి సయించలేదు. కూలికి నేనూ పడగొట్టినవాణ్ణే గానీ, నిలబెట్టగల ఇంటిని పడగొడతానంటే కట్టేవాడు ఓర్చుకోలేడు.

ఇల్లు కొని తాటాకు తీసేసి, కాకినాడ రేవు నుంచి పడవల మీద వస్తున్న కొత్త బంగళా పెంకులు వేసి, వంటింటికి పెద్ద కిటికీ పెడతానని ఊళ్లో చెప్పాను. ఊరు నవ్వింది. తాపీ పట్టుకునేవాడికి మండువా ఇల్లు ఏంటన్నారు. నూకాలు నవ్వలేదు.

"పెంకులు నీ గొప్పకి. కిటికీ నా కళ్లకి. కిటికీ పడని ఇల్లైతే రాజుగారి కోటైనా నేను రానయ్యా" అంది.

ఇక్కడే వచ్చింది చిక్కు. పాత మట్టిగోడకు కిటికీ కోయడమంటే ఆటలు కాదు. చెదలు తిన్న గోడైతే గునపం వెయ్యగానే పైనున్నదంతా నెత్తిమీదికి వస్తుంది. అందుకని సుబ్బాయమ్మగారిని అడిగాను, కొనేముందు వంటింటి గోడకు ఓ కన్నం వేసి చూసుకోనివ్వమని.

"చూసుకో నాయనా. ఎల్లుండి పొగాకాయన బళ్లు కట్టుకుని వచ్చేస్తాడు. ఏ సంగతీ రేపటికల్లా చెప్పెయ్యి" అందావిడ.

మర్నాడు అన్నాల వేళకు ముందే వెళ్లాం. నేను, నూకాలు, దాని తమ్ముడు వీర్రాజు. వీర్రాజు పడవ మీద కొబ్బరికాయలు వేసుకుపోయేవాడు. తాపీ పని వాడికి బొత్తిగా తెలియదు. రెండో మనిషి కావాలి గనక ఆ పూటకి తీసుకెళ్లాను.

రెండో మనిషి ఎందుకంటే, మందం గోడకు కన్నం వేసేటప్పుడు ఒకడు లోపల నిలబడి కొయ్యసుత్తితో కొడతాడు. రెండోవాడు బయట నిలబడి, చప్పుడు వినబడ్డ చోటనే తిరిగి కొడతాడు. అలా రెండు వైపులా ఒకే చోటు గుర్తు పెట్టుకున్నాకే గునపం వేస్తారు. అందరు మేస్త్రీలూ చేసేదే. కానీ మా ఇంట్లో దానికో వరస ఉంది. లోపలివాడు ఒక దెబ్బ కొడితే బయటివాడు రెండు దెబ్బలు కొట్టి, ఓ ఊపిరి పీల్చుకునేంత సేపు ఆగి, మూడోది కొట్టాలి. పక్కన ఎవరైనా వడ్లు దంచుతుంటే ఆ చప్పుడుతో కలిసిపోకుండా మా తాత పెట్టిన పద్ధతి. మా నాన్న నాకు నేర్పాడు. నాన్న పోయాక ఆ వరస తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. వీర్రాజుకి అదంతా చెప్పలేదు. "నేను కొట్టినచోటే నువ్వూ కొట్టరా" అన్నాను, అంతే.

ఆ గోడ అవతల సన్నటి సందు ఉంది. దాంట్లోకి ఇంట్లోంచి దారి లేదు, వీధి చుట్టి రావాలి. వీర్రాజు కొయ్యసుత్తి తీసుకుని బయల్దేరాడు. నూకాలు పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చుంది, వెలుతురు తన మీద ఎలా పడుతుందో చూసుకుంటానని. నేను గోడంతా తట్టి చూశాను. పొయ్యికి ఎదురుగా ఒకచోట గోడ రాయిలా పలికింది. ఇంతకంటే గట్టి చోటు దొరకదనుకుని అక్కడ ఒక దెబ్బ కొట్టాను.

అవతల నుంచి జవాబు వచ్చింది. కానీ నేను కొట్టినచోట కాదు. రెండు మూరలు తూర్పుగా.

"ఏరా, చెవులు పడవలో వదిలొచ్చావా? ఇక్కడ్రా!" అని అరిచి మళ్లీ అక్కడే కొట్టాను.

మళ్లీ తూర్పుగానే వచ్చింది. మూడోసారి కొట్టాను. మూడోసారీ అంతే, అదే చోట, అంగుళం తేడా లేకుండా. నాకు ఒళ్లు మండింది. నూకాలు మాత్రం కదలకుండా కూర్చుంది.

"బయట ఏ రాయో అడ్డం ఉండుంటుంది. ఆడు చెప్పినచోటే పెట్టవయ్యా. నాకు కావలసింది కిటికీ, నీ పంతం కాదు" అంది.

సరేనని బొగ్గుతో అక్కడ గుర్తు పెట్టాను. పెడుతుండగానే వీధి గుమ్మంలోంచి వీర్రాజు రొప్పుతూ వచ్చాడు. మోకాళ్లదాకా బురద. చేతిలో సుత్తి పొడిగా ఉంది.

"సందులోకి దారెక్కడుంది బావా? పక్కింటోళ్లు ముళ్లకంచె నాటేశారు. కాలవగట్టు మీంచి చుట్టి వద్దామంటే కుక్క తరిమింది. నేనసలు ఆ గోడ మొహమే చూడలేదు!"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మూడుసార్లూ రెండు దెబ్బలు, ఓ ఊపిరి, మూడో దెబ్బ. మా వరస. చిన్నప్పటి నుంచి వింటున్న చప్పుడు గనక వినేటప్పుడు వింతగా తోచలేదు. ఇంట్లోవాడు పలికినట్టు అనిపించింది.

బొగ్గు పక్కన పెట్టేశాను. తర్వాత ముగ్గురం కలిసి కంచె తీసి సందులోకి వెళ్లాం. ముందురోజు వాన పడింది. నల్లరేగడి నేల, పిట్ట వాలినా గుర్తు పడుతుంది. ఒక్క అడుగు ముద్ర లేదు. గోడకు ఆనుకుని ఆముదపు మొక్కలు నిటారుగా ఉన్నాయి, ఒక్క ఆకూ చిరగలేదు. గోడమీద నాచు గీత పడకుండా ఉంది. పక్కింట్లో వడ్లు దంచారేమోనని అడగబోయాను. వాళ్ల తలుపుకి తాళం. పొద్దున్నే ద్రాక్షారామం గుడికి వెళ్లారని తర్వాత తెలిసింది.

"వద్దు బావా, ఈ ఇల్లు మనకొద్దు" అన్నాడు వీర్రాజు.

నిజం చెప్పాలంటే నేనూ అదే అనబోతున్నాను. రేపటికి పొగాకాయన బళ్లు వస్తాయి, ఇల్లూ పోతుంది, దాంతో భయమూ పోతుంది. కానీ నూకాలు పైట చెంగుతో కళ్లు తుడుచుకుంటూ నా వంక చూసింది. భయంతో కాదు, ఎప్పుడూ కారే నీళ్లే అవి.

"మీ ఇంటి వరస అంటున్నావు కదా? మీ ఇంటోళ్లు నా మేలు కోరతారా, కీడు కోరతారా? గునపం తియ్యి" అంది.

దాన్ని వాకిట్లోకి పంపేసి, బొగ్గు గుర్తు దగ్గర కొద్దికొద్దిగా తవ్వాను. మట్టి శుభ్రంగా వచ్చింది. ఎక్కడా చెద లేదు. జానెడు లోతు పోయాక, కన్నం పక్కన పడమటివైపు చెక్క తగిలింది. మెల్లగా మట్టి గీకి చూశాను. గోడ లోపల దాగి ఉన్న స్తంభం. మండువా దూలం కొస మొత్తం దానిమీదే ఆగి ఉంది. కింది సగం చెదలు తినేశాయి. మిగిలిన సగాన్ని చుట్టూ ఉన్న గట్టి మట్టే పట్టుకుని నిలబెట్టింది. నేను మొదట కొట్టినచోటు సరిగ్గా ఆ మట్టి. రాయిలా పలికిందని మురిసిపోయానే, అదే. అక్కడ గునపం వేసి ఉంటే దూలమూ కప్పూ కలిసి వచ్చి పడేవి పొయ్యి మీద. పొయ్యి దగ్గర పీట మీద నూకాలు.

సుబ్బాయమ్మగారిని అడిగాను, ఈ ఇల్లు కట్టిన మేస్త్రీ ఎవరండీ అని.

"నేను కాపురానికి రాకముందు మాట నాయనా. పేరు ఎవరికి గుర్తుంటుంది? ఆనకట్ట పని చేసొచ్చిన మనిషని మాత్రం మా మామగారు గొప్పగా చెప్పుకునేవారు" అందావిడ.

ఆనకట్ట పని చేసొచ్చినవాళ్లు ఈ చుట్టుపక్కల ఎంతోమంది ఉన్నారు. మా తాతే అని నేను ఒట్టు పెట్టలేను. కాదని కూడా ఎవరూ పెట్టలేరు.

ఆ సాయంత్రమే ఇల్లు కొంటానని మాటిచ్చాను. ముందు దూలానికి కొత్త స్తంభం ఎత్తాను. తర్వాత తాటాకు దించి పెంకు వేశాను. బొగ్గు గుర్తు పెట్టినచోట నా నడుమెత్తు నుంచి తలదాకా కిటికీ పెట్టాను. గోడకు గానుగలో నూరిన సున్నం నేనే స్వయంగా పూశాను, అరచెయ్యి వేస్తే జారేటట్టు. కిటికీలోంచి వెలుతురు వచ్చి పొయ్యి మీద పడుతుంది. పొగ పొమ్మన్నట్టు పోతుంది. ఏడాది తిరిగేసరికి నూకాలు బియ్యంలో రాళ్లే కాదు, నా గడ్డంలో తెల్ల వెంట్రుకలు కూడా ఏరి చూపిస్తోంది. ఆ ఇల్లు చూడ్డానికి రామచంద్రపురం నుంచి కూడా వచ్చారు. నవ్వినవాళ్లలో ముగ్గురు వాళ్ల వంటిళ్లకు కిటికీ పెట్టమని నన్నే పిలిచారు. ఆ మూడూ రెండేసి రోజులు ఆలస్యం చేసి పెట్టాను. నవ్వుకి ఆ మాత్రం శిక్ష ఉండాలి.

ఎలకలేమో, మట్టి ఆరి పగిలిన చప్పుడేమో, నా దెబ్బే తిరిగి వినబడిందేమో అని చాలా ఆలోచించాను. ఎలకలకు మా తాత వరస ఎవరు నేర్పారు? తిరిగి వినబడే చప్పుడు రెండు మూరలు తూర్పుకి ఎందుకు జరుగుతుంది? ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ గోడమీద కొట్టి చెవి పెట్టానో లెక్కలేదు. ఒక్కసారీ పలకలేదు. అదేంటో ఈనాటికీ నాకు తెలియదు. దయ్యాలంటే ఇప్పటికీ నమ్మకం లేదు. తెల్లవారి పనికి వెళ్లేటప్పుడు మాత్రం ఆ గోడకు ఓ దండం పెట్టి వెళతాను. గోడ బాగా కట్టినవాడికి దండం పెట్టడం తప్పు కాదు గదా.

మొన్న మా పంతులుగారు ఇటు వచ్చారు. బాగా ముసలివారయ్యారు, బెత్తం చేతికర్రగా మారింది. ఇల్లంతా తిప్పి చూపించి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఇదంతా పొల్లుపోకుండా చెప్పాను. చివర్లో కాస్త ఛాతీ విరిచి, "చూశారా పంతులుగారండీ, ఖాళీ కుండన్నారు. ఇన్నాళ్లకైనా సరైన జవాబు పట్టుకున్నానా లేదా?" అని అడిగాను.

ఆయన కిటికీలోంచి సందు వైపు తొంగిచూసి, చేతికర్రతో నా నెత్తిమీద మెల్లగా తట్టారు.

"పట్టుకున్నావులేరా అప్పన్నా. అప్పుడు తడిక అవతలివాడు చెప్పాడు, ఇప్పుడు గోడ అవతలివాడు చెప్పాడు. నీ అంతట నువ్వెప్పుడు చెబుతావురా?"