కొండల సంత నుంచి వచ్చిన మిల్లు

మొన్న ఆదివారం రాయ్‌పూర్ దేవేంద్ర నగర్‌లో ఆటో ఎక్కబోతుంటే ఫోను మొరాయించింది. స్టోరేజ్ నిండిపోయింది, పాత ఫోటోలు కొన్ని తీసేయమంటారా అని అడిగింది. మామూలుగా ఇలాంటి ప్రశ్నలకి నేను ఆలోచించను. నాకు ఓపిక తక్కువ, నా ఫోనుకి ఇంకా తక్కువ. కానీ ఆ రోజు బొటనవేలు గాల్లోనే ఆగిపోయింది. ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టి, మూడోసారి ఛత్తీస్‌గఢీలో ఏదో గొణిగి వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళ కిందట ఇదే ప్రశ్నకి నేను ఒక్క క్షణంలో జవాబు చెప్పాను. ఆ జవాబు మా మావయ్య ఉద్యోగానికి ఎసరు పెట్టింది.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. మాది శ్రీకాకుళం వైపు. తాతయ్య రైల్వే ఉద్యోగం మీద రాయ్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు కాబట్టి ఇంట్లో సిక్కోలు తెలుగు, గుమ్మం దాటితే హిందీ. మావయ్య ఊరి పక్కనే ఉర్లాలో ఒక రోలింగ్ మిల్లులో ఫిట్టర్ల ఫోర్‌మన్. ఎర్రగా కాలిన ఇనప దిమ్మల్ని రోలర్ల మధ్య నలిపి కడ్డీలు చేసే చోటు అది. చొక్కా జేబులో అందరూ పెన్ను పెట్టుకుంటే ఆయన సందులు కొలిచే సన్నటి రేకుల కట్ట పెట్టుకునేవాడు. పెళ్ళికి వెళ్తే ముందు పందిరి గుంజ నిటారుగా ఉందో లేదో చూసి, తర్వాత పెళ్ళికూతుర్ని చూసేవాడు.

ఆయన పనిచేసే మిల్లు సేఠ్, ఆల్ప్స్ కొండల్లో ఎక్కడో మూతబడ్డ మిల్లుని మొత్తంగా కొన్నాడు. దాన్ని విప్పి, ఓడ ఎక్కించి, ఉర్లాలో మళ్ళీ బిగించాలి. విప్పడానికి మావయ్యనీ ఇంకో నలుగురినీ మూడు నెలలు అక్కడికి పంపాడు. అమ్మ ఆవకాయ సీసాని మూడు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి, చుట్టూ మావయ్య స్వెట్టరు చుట్టింది. దారిలో సీసా పగల్లేదు గానీ మూత వదులయింది. ఆల్ప్స్ చలినంతా మావయ్య ఆవకాయ వాసనొచ్చే స్వెట్టరుతోనే కాచుకున్నాడు.

ఆ ఊరి పేరు మాలో ఎవరికీ నోరు తిరగలేదు. శనివారం సంత జరిగే ఊరు కాబట్టి ఇంట్లో 'కొండల సంత' అనేవాళ్ళం. మూడు పక్కలా మంచు కొండలు, మధ్యలో రాళ్ళు పరిచిన చౌరస్తా, దాని చుట్టూ పసుపురంగు, గులాబీరంగు ఇళ్ళు. శనివారం తెల్లారేసరికి చౌరస్తా నిండా గొడుగులు వెలిసేవట. బండి చక్రాలంత చీజ్, ఉన్ని మేజోళ్ళు, తేనె, గంపల్లో కోళ్ళు. ఊరి పెద్ద వీధి రోమన్లు వేసిన రోడ్డట. కొండ దాటే సైనికులూ వ్యాపారులూ అక్కడ ఆగి గుర్రాలు మార్చుకునేవాళ్ళు, ఆ ఆగిన చోటే సంత అయింది, సంత చుట్టూ ఊరయింది. మాంసం కొట్టు గోడలో లాటిన్ అక్షరాలున్న రాయి ఒకటి తలకిందులుగా ఉందట, ఎవరో తర్వాత కాలం వాడు ఇల్లు కట్టుకుంటూ రాయి దొరికింది కదా అని పెట్టేశాడు. ఇవన్నీ మావయ్యకి చెప్పింది ఆ మిల్లులో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన ముసలి ఫోర్‌మన్. మిల్లు మూసేశాక ఆయన శనివారాలు సంతలో తేనె అమ్ముతూ, మిగతా రోజుల్లో మిల్లు విప్పడం చూడ్డానికి వచ్చేవాడు. ఆయనది జర్మన్, మావయ్యది తెలుగు, ఇద్దరికీ కలిపి ఓ నలభై ఇంగ్లిషు మాటలొచ్చు. ఇద్దరు ఫిట్టర్లు కూర్చున్నాక అవి సరిపోయాయి, మిగిలాయి కూడా. ఆయన ఒక పాత గోడలో చిల్లులు చూపించాడు. రోమన్లు రాయికీ రాయికీ ఇనప కొక్కెం వేసి, సీసం పోసి బిగించిన చోట్లు. మావయ్య ఆ చిల్లులో వేలు పెట్టి ఫోటో తీయించుకున్నాడు. కొండల ముందు మాత్రం ఒక్కటీ తీయించుకోలేదు.

నాకు మండింది అక్కడే. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. మా మావయ్య ఆల్ప్స్‌లో ఉన్నాడని కాలేజీలో అందరికీ చెప్పేసి, ఫోటోలు పంపమని ఆయన ప్రాణం తీశాను. పంపాడు, రోజుకి నలభై. అన్నీ నట్లు, బోల్టులు, గ్రీజు పట్టిన దిమ్మలు, వాటి మీద పెయింటుతో రాసిన అంకెలు. వెనకాలే ఒక మాట రికార్డు చేసి పంపేవాడు: "దాసి ఉంచమ్మీ, నా ఫోన్లో జాగా నేదు." కొండ చూడాలంటే క్రేను కొక్కెం సందులోంచి వెతుక్కోవాలి. రెండు నెలలు గడిచేసరికి నా ఫోను నిండిపోయి, ఫ్రెండు పుట్టినరోజు వీడియో సరిగ్గా కేకు కోసేటప్పుడు ఆగిపోయింది. కోపమొస్తే ఒక్కొక్కటీ చూసి ఏరడం నా వల్ల కాదు. సంతా కొండలూ ఉన్నవి ఓ పదిహేను ఉంచుకుని, ఇనుమంతా ఒక్క దెబ్బలో తీసేశాను. చోటు లేక ఆయన కూడా పంపినవి పంపినట్టు చెరిపేస్తున్నాడన్న సంగతి నాకు తట్టనేలేదు. తర్వాత వచ్చినవి తెరిచి కూడా చూడకుండా తీసేశాను.

యంత్రాన్ని విప్పడానికి ఒక పద్ధతుంది. కలిసి ఉన్న రెండు భాగాల మీదా ఒకే అంకెని, పంచ్ అనే ఉక్కు అచ్చు పెట్టి సుత్తితో కొడతారు, మళ్ళీ బిగించేటప్పుడు జోడీ తప్పకుండా. మావయ్య తన సర్వీసులో మొదటిసారి ఆ పంచ్ కొట్టలేదు. కొట్టబోతే ముసలాయన పక్కన నిలబడి ప్రతి సుత్తి దెబ్బకీ మొహం తిప్పుకునేవాడట. ముప్ఫై ఏళ్ళు తను తుడిచిన ఇనుము మరి. మావయ్యకి చెయ్యి ఆడలేదు. పెయింటు ఉంది, ఫోటోలున్నాయి, చాల్లే అనుకున్నాడు. సరుకు ఉర్లా చేరిన వారం ఆయన రెండు రోజులు సెలవు పెట్టాడు. ఆ రెండు రోజుల్లో కాంట్రాక్టరు మనుషులు, పాపం పనిమంతులు, తుప్పు పట్టకుండా పూసిన నూనె పోవాలని ప్రతి భాగాన్నీ కిరసనాయిలుతో రుద్ది తళతళలాడించారు. నూనెతో పాటు అంకెలు కూడా పోయాయి.

చాలా భాగాల్ని కొలిచి జోడీ కట్టొచ్చు. చిక్కంతా చాక్‌లతో వచ్చింది. రోలరు చివర్ని పట్టుకునే దిమ్మని చాక్ అంటారు. ఐదు స్టాండ్లకి, అంటే రెండేసి రోలర్లు నిలబెట్టే ఐదు చట్రాలకి, ఇరవై చాక్‌లు, అన్నీ ఒక్క కాన్పులో పుట్టినట్టుంటాయి. కానీ ఏది ఎక్కడ అరిగిందో అది అక్కడికే సరిపోతుంది, ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు. సేఠ్ పది రోజుల గడువిచ్చాడు. ఆలోగా మిల్లు తిరగకపోతే వేరే ఫోర్‌మన్ని చూసుకుంటానని అందరి ముందూ చెప్పాడు.

ఆ సాయంత్రం మావయ్య మా ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే ఫోటోలడిగాడు. నేను ముందు ఆయన మీదే ఎగిరాను. రోజుకి నలభై పంపితే ఏ ఫోను మోస్తుంది, అవి అంత ముఖ్యమని ముందే చెప్పొచ్చుగా అన్నాను. తర్వాత నిజం చెప్పాను. ఆయన కుర్చీలో కూర్చున్నాడు.

"ఒక్కటీ నేదా?"

"సంతవి ఉన్నాయి మావయ్యా. పదిహేను."

"సూపించు మరి. ఆ ఊరైనా సూద్దుం."

వంటింట్లోంచి అమ్మ, "నాలుగు తిట్రా దాన్ని, అప్పుడు గానీ బుద్ధి రాదు" అంది.

"పంచ్ కొట్టనోణ్ణి నాను. దీన్నేటి తిట్టీది, అప్పా?" అన్నాడు మావయ్య, వంటింట్లో ఉన్న అక్కతో.

తిట్టుంటే నేనూ నాలుగు అనేసి తేలికపడేదాన్ని. తలొంచుకుని ఫోటోలు జరుపుతూ కూర్చున్నాను. ఒకదాంట్లో ముసలాయన తేనె బల్ల వెనక నిలబడి ఉన్నాడు. బల్లకి ఒక బోర్డు. పెద్దది చేసి చూస్తే అడుగున ఫోను నంబరు. మావయ్య దగ్గర ఆయన నంబరే లేదు. రోజూ పక్కన నిలబడే మనిషికి నంబరెందుకు అనుకున్నాడట.

మర్నాడు శనివారం. నెత్తిన హెల్మెట్టు పెట్టుకుని మొదటిసారి ఉర్లా మిల్లు లోపలికి వెళ్ళాను. మనకి మధ్యాహ్నం ఒంటిగంట, వాళ్ళకి పొద్దున తొమ్మిదిన్నర. వీడియో కాల్ ఎత్తగానే ముందు ముసలాయన ముక్కు కనబడింది, తర్వాత గొడుగులు, వాటి మీద కొండ. నా ఇంగ్లిషు ఆయన ఇంగ్లిషుని చేరడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక ఫోనుని ఒక తేనె సీసాకి ఆనించి, కళ్ళద్దాలు తుడుచుకుని, చూపించమన్నాడు. మొదటి చాక్ దగ్గర పెట్టాను. తిప్పమన్నాడు, వెలుతురు పట్టమన్నాడు. కింది మూలలో పాత వెల్డింగు మచ్చ కనబడగానే నవ్వాడు. మూడు వేళ్ళు చూపించి, బొటనవేలు కిందకి తిప్పి, ఎడమచెయ్యి ఊపాడు. మూడో స్టాండు, కింది రోలరు, ఎడమ చివర. మావయ్య ఆ గుర్తుని సుద్దతో కాదు, పంచ్‌తో కొట్టాడు. ఈసారి ముసలాయన మొహం తిప్పుకోలేదు.

ఆయనకి ఒక్కో చాకూ దాని దెబ్బని బట్టి గుర్తు. నాలుగోదాని దగ్గర మాత్రం తడబడి, ఉల్లిపాయల బుట్టతో వెళ్తున్న ఒకాయన్ని కేకేశాడు. ఆయనా మిల్లు మనిషే. ఆయన రెండన్నాడు, ఈయన ఐదన్నాడు. తగువు తీర్చడానికి ఒకప్పుడు క్రేను నడిపిన పెద్దావిడ వచ్చింది. మిల్లు మూతబడ్డా ఆ మనుషులంతా శనివారం శనివారం సంతలో కలుస్తూనే ఉన్నారు. కాసేపటికి నా ఫోనులో ఏడు తలకాయలు. తేనె కొనడానికొచ్చిన వాళ్ళని పక్కన నిలబడమన్నారు. ఇటువైపు మా ఫిట్టర్లు నా భుజాల మీంచి తొంగిచూస్తున్నారు. గోల విని సేఠ్ కూడా వచ్చి మా వెనక నిలబడ్డాడు.

"అరే భయ్యా, మనకంటే ఈ ముసిలోళ్ళే గట్టిగా దెబ్బలాడుకుంటన్నారు" అన్నాడు వెనకనించి మా ఫిట్టరొకడు.

అటు జర్మన్‌లో అరుపులు, ఇటు హిందీ తెలుగు కలిపి అరుపులు, మధ్యలో చెయ్యి లాగేస్తున్నా ఫోను దించకుండా నేను. మూడు గంటలు పట్టింది. అక్కడ గొడుగులు మడుస్తున్నారు. పంతొమ్మిది తేలాయి. ఇరవయ్యోదాని గురించి ఎవరూ అడగలేదు, మిగిలిన చోటు ఒక్కటే.

ఎనిమిదో రోజున మిల్లు తిరిగింది. ముసలాయనకి ఫోను చేసి చూపించాను. ఎర్రటి దిమ్మ ఐదు స్టాండ్లలోంచీ దూసుకెళ్ళి, సన్నటి కడ్డీ అయి అవతల పడింది. తెర మీద ఆయన కదల్లేదు. నెట్ ఆగిపోయిందనుకుని నెట్‌ని తిట్టబోయాను. అప్పుడు నెమ్మదిగా మాట్లాడాడు. అక్కడ చలికాలం పొద్దున్నే దాని నూనె గడ్డకట్టేదట, కింద నిప్పు పెట్టి లేపేవాళ్ళట. మీ ఊళ్ళో అది హాయిగా నిద్ర లేస్తుంది అన్నాడు.

మావయ్యకి తెలుగులో చెప్పాను. ఆయన మొహం తుడుచుకున్నాడు, చెమటే అయ్యుంటుంది.

"మే నెల్లో దానికి మేమే ఇసర్తామని సెప్పమ్మీ" అన్నాడు.

చెప్పాను. అటువైపు ఆయన ఎంతసేపు నవ్వాడో.

మిల్లు ఇప్పటికీ తిరుగుతోంది. కొత్తగా చేరిన ఫిట్టర్లు దాని వయసెంత అని అడిగితే మావయ్య ఎనిమిదేళ్ళని చెబుతాడు. అది అబద్ధమని నేను చాన్నాళ్ళు పోట్లాడాను. ఇప్పుడు పోట్లాడటం మానేశాను. ఒక ఊరు చాలించిన పనిని ఇంకో ఊరు ఎత్తుకున్న రోజు, కాలం కూడా పాత లెక్క పక్కనపెట్టి ఒకటి నుంచి మొదలుపెడుతుందేమో.