పసి అరచేతితో కొలిచిన డాక్టరమ్మ

మా డాక్టరమ్మ రాజేశ్వరీదేవి గారు మొన్న కరీంనగర్‌లో పరమపదించారు. బస్సు కండక్టరు ఆసుపత్రి గడపలో నిలబడి ఈ వార్త చెప్పగానే "నోరు మూసుకో!" అని అతని మీద విరుచుకుపడ్డాను. ఆమె దగ్గర నర్సుగా పని నేర్చినదాన్ని, ఆమె కోపమూ కొంత అంటింది మరి. ఆమెకు మరణమా!

పోలీసు చర్య జరిగిన కొత్తలో ఆమె పెద్దపల్లికి వచ్చారు. అగ్నిబాధితుల చికిత్సలో ఆమెది అపూర్వ ప్రజ్ఞ. కాలినవాళ్లు వచ్చారంటే కొంగు బిగించి ఒక్క ఉదుటున లేచేవారు. "ఎంత మేర కాలింది, ఎంత లోతు కాలింది, ముందు గీ రెండు చెప్పు. మందు సంగతి తర్వాత!" అని మమ్మల్ని గద్దించేవారు.

ఒకనాడు మల్లయ్య అనే నేతపని ఆయన తన చిన్నబిడ్డ లక్ష్మిని ఎత్తుకొచ్చాడు. పడుగుకు పెట్టడానికి కాచిన గంజి పిల్ల పొట్ట మీద, తొడల మీద ఒలికింది. రోజూ జానలతో బట్ట కొలిచే మనిషి కదా, గాయాన్నీ తన చేత్తోనే కొలుచుకొని ధైర్యంగా ఉన్నాడు.

"నా చెయ్యి నాలుగైదుసార్లు ఆనేటంతే డాక్టరమ్మా. జర మందు రాస్తె ఇంటికి తీస్కపోత."

"నీ చెయ్యి నీ ఒంటికి కొలత మల్లయ్యా. పిల్ల ఒంటికి పిల్ల చెయ్యే కొలత!"

పాత కాగితం మీద లక్ష్మి చేతిని వేళ్లతో సహా గీసి, కత్తిరించి, గాయానికి తాకకుండా పైపైన జరుపుతూ లెక్కపెట్టారు. ఆ చేయి ఒక్కటి ఆ ఒంట్లో నూరోవంతు. లెక్క పది దాటింది, పసిపిల్లకు అది ప్రాణగండమే! ఒంట్లో నీరు ఇంకిపోతే పిల్ల దక్కదని చెప్పి, బరువును బట్టి లెక్క కట్టి వెంటనే సెలైన్ ఎక్కించారు.

గాయం కడుగుతుంటే పిల్ల కెవ్వుమంది. "ఊకో బిడ్డా, ఊకో" అని తండ్రి బతిమాలాడు.

"ఏడ్వనియ్యి! లోతుగ కాలితె నొప్పే తెల్వదు. గిట్ల ఏడుస్తాందంటె తోలుల పానమున్నది!" అంటూ ఆమె పకపకా నవ్వారు. ఆ ఏడుపు మాకు మంగళవాద్యమే అయింది. లక్ష్మి బతికింది!

నిన్న ఆ లక్ష్మి తన బిడ్డను చంకనేసుకొని వచ్చింది. "నాకు పానం పోసిన అవ్వ పోయిందా!" అని వరండాలో గొంతెత్తి ఏడ్చింది. ఊరుకోమని చెప్పండంటూ కొత్త డాక్టరు గారు నాకు సైగ చేశారు.

"ఏడ్వనియ్యండి సార్" అన్నాను. అంతవరకు బిగబట్టుకున్న నాకూ ఏడుపు ఆగలేదు.

అమ్మా, మీ చలవతో బతికినవాళ్లు ఈ తాలూకాలో ఊరూరా ఉన్నారు. మీవంటి వైద్యురాలు మాకు మళ్లీ దొరకదు. మీ పాదాలకు నమస్కారం. మాకు నొప్పి తెలుస్తూనే ఉందమ్మా.