పసిదాని తల మీద చెయ్యి

మా మనవరాలి మొగుణ్ణి ఇత్తడి చెంబుతో కొట్టాను. కనుబొమ్మ చిట్లి రక్తం కారింది. బంధువులంతా నన్నే తప్పుపట్టారు. ఎందుకు కొట్టావని ఒక్కరూ అడగలేదు కనుక రాస్తున్నాను.

మనవరాలు పురిటికి రాజమండ్రిలో మా ఇంటికే వచ్చింది. కాన్పు ఎంతకీ తెమలక ఆస్పత్రిలో వాక్యూమ్ పెట్టి బిడ్డను లాగారు. ఆడపిల్ల. పీచు ఒలిచి పిలక ఉంచిన కొబ్బరికాయలా తల వెనక్కి మొన తేలి ఉంది. "అదే సర్దుకుంటుంది, ఎవరూ నొక్కకండి" అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపింది.

పిల్లను చూడటానికి తుని నుంచి వచ్చిన తండ్రి, ఉయ్యాల పక్కన నిలబడి ఫోను తీశాడు. ఏదో దేశపు ఎడారిలో తవ్విన పొడుగు పుర్రెలు. అవి మనుషులవి కావు, చుక్కల్లోంచి దిగినవాళ్లవి అని ఎవడో గొంతు చించుకుంటున్నాడు.

"చూడండి తాతగారూ, అచ్చం మన పిల్ల తలే. మా ఊళ్లో ఏం చెప్పుకోమంటారు?"

"మనుషులవే బాబూ. పసితనంలో తల్లులే గుడ్డలతో, చెక్కలతో బిగించి కట్టి అలా చేశారు."

"ఊరుకోండి! చేత్తో కడితే ఎముక వంగుతుందేంటండీ? ఇంతకీ మీరు చదివిన కాలేజీ ఏదండీ?"

అయిదో తరగతితో బడి మానేశాను, నిజమే. పాత పుస్తకాల కొట్లో నిలబడి చదువుకున్నాను. ఆ పుర్రెల గురించి పండితులే ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. వేరే జాతి అన్నారు, రోగం అన్నారు, మట్టి బరువుకు నలిగాయన్నారు. కట్లు బిగిసినచోట ఎముక మీద పడ్డ పల్లాలు బొమ్మల్లో నేను చూశాను. అయినా దీనికి పుస్తకం ఎందుకు? మా అమ్మ వెచ్చటి అరచేత్తో మా తమ్ముడి తల అదుముతుంటే వాడు గుక్కపట్టి ఏడ్చి ఊపిరందక నీలంగా మారడం కళ్లారా చూసినవాణ్ణి. "తల గుండ్రంగా రావద్దూ!" అనేది. ఆ ఒత్తుడు కింద పడకుండా పెరిగిన తల మా వైపు ఎవరికుందో చూపించమనండి!

మర్నాడు పొద్దున మా చెల్లెలు పెరట్లో కాళ్లు చాపుకుని, వాటి మీద పిల్లను పడుకోబెట్టి నీళ్లు పోస్తోంది. అలవాటుగా తల మీదికి చెయ్యి పోతుంటే వద్దన్నాను. ఆగింది.

ఆ కుర్రాడు వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "మామ్మగారూ, మీరు నొక్కుతారా, నన్ను నొక్కమంటారా?"

"డాక్టరమ్మ వద్దందటయ్యా."

"ఆవిడకేం తెలుసండీ! మా అమ్మ ఫోన్ చేసింది. ఎముక మెత్తగా ఉన్నప్పుడే ఒత్తెయ్యాలంట."

నిన్న వంగని ఎముక ఇవాళ మెత్తబడింది వీడికి! రెండు అరచేతుల మధ్య ఆ తలను పట్టి అదిమాడు. పిల్ల కెవ్వుమంది. ఆ తర్వాత నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. వాడి మెడ పట్టి లాగాను. మోచేత్తో నా డొక్కలో పొడిచాడు. వెళ్లి నీళ్ల కాగు మీద పడ్డాను. మరుగుతున్న నీళ్లు తొణికి ముంజేయి బొబ్బలెక్కింది. వాడు ఇంకా ఆ తలను వదల్లేదు. చెంబు చేతికందింది.

పచ్చి బాలింత గోడ పట్టుకుని వచ్చి పిల్లను లాక్కుంది.

"చూశావా, మీ తాత నన్ను చంపబోయాడు!"

"నా పిల్ల తల మీద చెయ్యి వేసిందెవరు? ముందు అది చెప్పు."

ఆస్పత్రికి తీసుకెళ్లి చూపించాం. ప్రమాదం తప్పింది. కొన్నాళ్లకు, ఎవరూ ముట్టుకోకుండానే, తల సర్దుకుంది. కానీ తన కొడుకు చేతి చలవేనని వాళ్లమ్మ తుని అంతా చెప్పుకుంది. ఈసారి చేత్తో ఎముక ఎలా వంగుతుందని ఎవరూ అడగలేదు!

మొన్న పెళ్లాన్ని తీసుకెళ్లడానికి వచ్చాడు. మనవరాలు గుమ్మంలోనే నిలబెట్టింది. "వస్తాను. పిల్లకి నీళ్లు నేనే పోస్తాను, లోపల గడియ పెట్టుకుని. అత్తయ్యగారు పిలిచినా తియ్యను. ఇష్టమైతే కారు పిలువు."

వాడు కనుబొమ్మ తడుముకున్నాడు. "సరే. మీ తాత మాత్రం మా గడప తొక్కకూడదు."

"తొక్కను," అన్నాను. "దాని తల మీద నీ చెయ్యి పడిందని తెలిస్తే మాత్రం నన్ను ఆపలేవు."

వాడు ఫోను తీసి కారు పిలిచాడు.