పన్నెండు గులాబీలు, పన్నెండు తెల్ల చీటీలు

జూన్ మూడో ఆదివారం, సాయంత్రం. హాజరైనవారు: నేను, నా భార్య సుగుణ, నంబరు ప్లేట్లు రాసే పక్కింటి యాదగిరి, ప్రార్థన కూడికకు వచ్చిన పదకొండు కుటుంబాలు. మా అమీర్‌పేట డాబా మీద ఆ రోజు నేను చేసిన ఘనకార్యానికి వీళ్లందరూ సాక్షులు. డైరీలో ఆ పేజీ చింపలేదు, శిక్షగా ఉంచుకున్నాను.

మూలం ఫిబ్రవరిలో ఉంది. సనత్‌నగర్‌లో సుగుణ పుట్టిల్లు అమ్ముడుపోయింది. కూల్చే ముందు రోజు ఆమె వెళ్లి, చనిపోయిన వాళ్లమ్మ పెంచిన లేతరంగు నాటు గులాబీ నుంచి ఒక్క కొమ్మ తెచ్చుకుంది. కూడికలో పంచడానికి నేను నర్సరీ ఎర్ర గులాబీ కొమ్మలు పదకొండు నాటాను. ఆమె కొమ్మతో కలిపి పన్నెండు కుండీల్లో పన్నెండు పుల్లలు, ఒకే మనిషి పాస్‌పోర్టు ఫొటోల్లా ఉన్నాయి.

ఏ కుండీలో ఏది ఉందో రాసి గుచ్చడానికి పెరుగు డబ్బాలు కోసి చీటీలు చేశాను. మార్కర్ తీశాను.

“సార్, పెన్సిల్‌తోని రాయుండ్రి. మార్కర్ ఎండకు ఎగిరిపోతది,” అన్నాడు యాదగిరి.

“దీని మీద పర్మనెంట్ అని ఉందయ్యా.”

“రాసుకోనీకేముంది సార్. మా బామ్మర్ది ఆటో మీద ‘రాజు’ అని సుత ఉంది.”

“పెన్సిల్‌తో రాసింది ఏ ఆడిట్‌లోనూ చెల్లదు.”

“ఎండకు ఆడిట్ తెల్వది సార్.”

నవ్వాను. ఆ చీటీల విషయంలో నాకు దక్కిన చివరి నవ్వు అదే.

మే నెల సగానికి చీటీలు నా చొక్కా కన్నా తెల్లబడ్డాయి. డైరీ ఉన్నవాడికి భయమేమిటి? ‘ఎడమ నుంచి నాలుగోది అత్తగారిది’ అని అందులో ఉంది. ఆ జూన్ ఆదివారం ప్రార్థన ముగియగానే ఆ నాలుగోదాన్ని ఉంచి, మిగతావి ఇంటికొకటి పంచేశాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చలో పంచి ఇంట ఓడాను.

వంటింటి పని ముగించి సుగుణ పైకి వచ్చింది. “అమ్మ చెట్టు ఏది?”

“ఇదిగో, నాలుగోది. మొగ్గ కూడా వేసింది.”

“నాలుగోది ఎట్లయితది? మే నెలల ఎండ తాకుతదని కుండీలన్నీ నీడకు జరిపిన గద, వరుస మారిపోయె.”

“నాకు చెప్పలేదే.”

“చెప్పిన. మీరు డైరీ రాస్తున్నరు. ఊఁ అన్నరు.”

అప్పటికి చివరి కుటుంబం కూడా ఆటో ఎక్కేసింది. యాదగిరి ఆకాశం చూస్తూ నిలబడ్డాడు. మొగ్గ కొస ఎర్రగా కనిపిస్తోంది.

“నాటు గులాబీ మొగ్గ సుత మొదట ఎర్రగనే ఉంటది,” అంది సుగుణ, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

మర్నాడు పొద్దున పువ్వు విచ్చింది. తప్పుడు లెక్క కింద అధికారి గీసే గీతంత ఎరుపు. సుగుణ వంగి వాసన చూసింది. ఏమీ లేదు.

“మా అమ్మ చెట్టు పువ్వుకు వాసన ఉంటుండె. పదకొండు ఇండ్లకు పోయి వాసన చూసి రాండ్రి.”

పోయాను. మొదటి ఇల్లు పంజాగుట్ట. కుండీలో మొగ్గ కూడా లేదు. ఆకులు వాసన చూస్తున్న నన్ను చూసి ఆ ఇంటి కోడలు, “పూసినంక ఫోన్ చేస్త అంకుల్. అందాక రోజూ రాకుండ్రి,” అంది.

ఇంటికొచ్చి డైరీ తెరిచాను. ‘దేవుని సన్నిధిలో ప్రమాణం: ఇకమీదట నా భార్య నోరు తెరిచిన క్షణమే పెన్ను మూస్తాను.’ సాక్షి సంతకానికి పేజీ సుగుణ ముందు పెట్టాను.

ఆమె చెప్పులు వేసుకుంటోంది. “మీరు ఇంట్లనే ఉండుండ్రి. రెండో ఇంటికి నేనే పోత.”