కిటికీలో ఏడు సీసాలు

ఈ రాతలో ఒక్క మాట కూడా అబద్ధం లేదని కట్టమైసమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను. మా ఊళ్లో నా ఒట్లకు పెద్ద గిరాకీ లేదు. మొసలి నన్ను బీడీ అడిగిందని ఒకసారి, మా తాత తాటిచెట్టు మీంచి ధర్మపురి గుడిగంట విన్నాడని ఇంకోసారి చెప్పిన నోరు ఇది. అయినా మైసమ్మతో వేళాకోళమాడే ధైర్యం నాకు లేదు. ఆమె గుడి కట్ట మీద, మా ఇల్లు కట్ట కింద.

పోయిన వారం ఆ కట్టను చూడటానికి జగిత్యాల నుంచి అధికారులు వచ్చారు. మల్లాపూర్ దాటాక రెండు గుట్టల నడుమ వాగుకు అడ్డంగా వేసిన మట్టికట్ట అది. మేం ప్రాజెక్టు అంటాం. పాత డ్యాములు ఏ స్థితిలో ఉన్నాయో రాసుకుంటున్నారట. డ్రోన్ ఎగరేశారు, గేట్ల తుప్పు గోకి చూశారు, తూము గోడ పగుళ్లకు సున్నంతో గుర్తులు పెట్టారు. కట్ట చరిత్ర చెబుదామని నేను ఉతికిన అంగీ తొడుక్కుని పోయి గొంతు సవరించుకున్నాను. ఒక ఇంజనీరు నన్ను చూసి, "సీసాలు పెట్టిన లష్కర్ మీరేనా?" అన్నాడు. కాదన్నాను. అంతే, చూపు తిప్పుకున్నాడు. జీపు సిరిసిల్లకు పోయి, అక్కడ బిడ్డ ఇంట్లో ఉంటున్న మా బావను ఎక్కించుకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. ఆయనకు కుర్చీ వేశారు. తల మీద గొడుగు పట్టారు. ఆ గొడుగు పట్టుకున్నది నేనే.

బావ అంటే మా అక్క మొగుడు. గేట్లు ఎత్తి దించే లష్కర్‌గా ఆ కట్ట మీదే ముసలివాడయ్యాడు. కట్ట అడుగున ఒకచోట ఎప్పుడూ సన్నగా ఊట కారేది. బావ రోజూ పొద్దున్నే దిగి, ఆ నీటిని ఒక తెల్ల సీసాలో పట్టి, ఎండకెత్తి చూసి, గేటు గది కిటికీలో పెట్టేవాడు. కిటికీలో వరసగా ఏడు సీసాలుండేవి. ఎనిమిదో రోజు అన్నిటికన్నా పాతదాన్ని పారబోసి మళ్లీ పట్టేవాడు. అడుగున మట్టి పేరుకుందా లేదా అన్నదే ఆయన చదువు. "నీళ్లు పోతె పోనీ బామ్మర్ది. మట్టి పోవద్దు. మట్టి పోతున్నదంటె, కట్ట లోపల్నుంచి తొవ్వ జేసుకుంటున్నట్టే" అనేవాడు.

ఇక నా గోస వినండి. సాయంత్రం కల్లు మండువలో నేను గంటసేపు చెమటోడ్చి ఒక కథను పాకానికి తెచ్చేవాణ్ని. మొసలి నోరు తెరిచే సమయానికి బావ వచ్చేవాడు. "ఇయ్యాల తేటగనే ఉన్నయ్" అని రెండు ముక్కలనేవాడు. జనమంతా తృప్తిగా లేచి ఇళ్లకు పోయేవాళ్లు. నా మొసలి అట్లాగే నోరు తెరుచుకుని ఉండిపోయేది. ఇంట్లోనూ అదే వరస. కోడికూర వండితే కార్జం బావ పళ్లెంలోనే పడేది. నేను మూతి ముడిస్తే మా అమ్మ, "నీ బావను జూసి నేర్చుకోరా. గాయినె ఒక్క మాటంటడు, గది నిలవడ్తది. నువ్వు వంద జెప్తవు, ఒక్కటన్న నిలవడ్డదా?" అనేది. ఆ కార్జం ముక్క నా గొంతులో ఇప్పటికీ అడ్డంగానే ఉంది, తినకపోయినా.

ఒక ఏడాది వానలు గట్టిగా కొట్టి, ప్రాజెక్టు నిండి, నాలుగు రోజులు తెరిపిచ్చాయి. సరిగ్గా అప్పుడే కోరుట్లలో బావ వాళ్ల పెద్దనాన్న దినాలు వచ్చాయి. "ఒక్క పొద్దే బామ్మర్ది. పొద్దుగాల సీస వట్టి కిటికీల వెట్టు, సాలు. రంగు మారితె ఫోన్ గొట్టు" అని నాకు అప్పజెప్పి బస్సెక్కాడు. నేను మర్నాడు పొద్దున సీసా పట్టాను. నీళ్లు తేటగా, ఎప్పటిలాగే మర్యాదగా ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. ఈ పెద్దమనిషిని ఒక్కసారన్నా పరుగెత్తించాలని, పిడికెడు మట్టి తీసి అందులో వేసి కలిపి కిటికీలో పెట్టాను.

తెల్లారి మొదటి బస్సుకు దిగిన బావ ఆ సీసా చూశాడు. చాయ్ కూడా తాగకుండా కట్ట కిందికి జారి, ఇంకో సీసా పట్టాడు. అది కూడా మట్టిరంగే. నేను సీసాలో వేసిన అబద్ధం రాత్రికి రాత్రే పాకిపోయి కట్ట కింద నిజమై కూర్చుంది. జగిత్యాలకు ఫోన్ పోయింది, గేట్లు లేచాయి, డప్పు కొట్టి కట్ట కింది ఇళ్లన్నీ ఖాళీ చేయించారు. ఊట మీద ఇసుక, దాని మీద కంకర పోశారు, నీళ్లు పోయేటట్టు, మట్టి ఆగేటట్టు. నీళ్లు దిగాక చూస్తే తూము పక్కన మోచేతిదాకా చెయ్యి పట్టే బొక్క. ఇంకొక్క రోజు ఆగితే ఊరు లేదన్నారు. బావ మెడలో దండలు పడ్డాయి. నా పిడికెడు మట్టే ఊరిని కాపాడిందని నేను ఇన్నేళ్లుగా మండువలో చెబుతూనే ఉన్నాను. అందరూ నవ్వుతారు, ఎవడూ దండ తేడు.

పోయిన వారం ఇంజనీరు బావకు ఓపిగ్గా చెప్పాడు. కట్ట ఎంత పాడయిందన్నది ఒక లెక్కట, తెగితే కింద ఎంతమంది పోతారన్నది వేరే లెక్కట. ఆ రెండో దాంట్లో మాది ఇప్పుడు చాలా పైకి పోయిందట. బావ కింది ఇళ్లను చూసి, "అవును సార్, కట్ట గప్పటిదే. కింద మనుషులే పెరిగిండ్రు" అన్నాడు. ఇంజనీరు కాయితం తిప్పి, "అప్పుడు మట్టి నీళ్లు మొదట చూసిందెవరు?" అని అడిగాడు.

"మా బామ్మర్ది సార్. నేను కోరుట్లల ఉన్ననాడే జూసిండు."

గొడుగు నా చేతిలో ఒరిగింది. బావ తల ఎత్తకుండానే, "గొడుగు సక్కగ వట్టు" అన్నాడు.

ఇక దాచి లాభం లేదు. నేను కల్పించింది ఆ పిడికెడు మట్టి ఒక్కటే. మట్టి నేను వెయ్యలేదు. ఆ పొద్దున సీసా పట్టినప్పుడే నీళ్లు చాయ్ రంగులో ఉన్నాయి. ఫోన్ నా జేబులోనే ఉంది. ఫోన్ కొడితే బావ పరుగెత్తుకొస్తాడు, ఊరు మొక్కుతుంది, కార్జం ఇక జన్మలో నాకు రాదు అనుకున్నాను. ఆ నీళ్లు పారబోసి, బోరింగు కొట్టి సీసా నింపి కిటికీలో పెట్టాను. సాయంత్రం మండువలో, "ఇయ్యాల తేటగనే ఉన్నయ్" అన్నాను. జనం తృప్తిగా లేచి ఇళ్లకు పోయారు. ఊరు నా మాట నమ్మిన రోజు అదొక్కటే. ఆ పగలంతా మా అక్క కట్ట కిందే బర్లు మేపింది.

బావను జీపు ఎక్కిస్తూ అడిగాను, ఎప్పుడు తెలిసిందని.

"వారం దినాలకే. బోరింగు నీళ్లు వోస్తె సీసకు తెల్లగ సున్నం వడ్తది బామ్మర్ది. ఊట నీళ్లకు వట్టది."

"అక్కకు చెప్పలేదా మరి?"

"చెప్తె నీకు బువ్వ వెట్టునా?"

జీపు సిరిసిల్ల దారి పట్టింది. ఆ కాయితం మీద నా పేరుంది, ఆయన రాయించిందే; అందులోనూ ఆయనే గెలిచాడు. కట్ట వయసెంతో అధికారులు రాసుకుని పోయారు. నా బతుకులో మిగతా రోజులన్నీ తూములోంచి తేటగా పారిపోయాయి. ఆ ఒక్క రోజు మాత్రం సీసా అడుగున మట్టిలా పేరుకుని ఉంది.